చందాయా? బయానాయా?
(వీడియో గేముల క్రౌడ్ ఫండింగ్‌లో వినియోగదారుని హక్కులు, కంపెనీల బాధ్యత)

— తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్ళు సామెత చెబుతారు. పుట్టని బిడ్డకు పేరు పెట్టడం నవ్వులాటే. కాని ఇంకా పుట్టని వస్తువుకు పేరు పెట్టి, బొమ్మ గీసి, ధర కట్టి, ప్రపంచం నలుమూలలా ఉన్న వేలాదిమందికి ముందుగానే అమ్మి, ఆ వచ్చిన సొమ్ముతో ఆ వస్తువును తయారుచేసే పద్ధతి ఒకటి గత పదిహేనేళ్ళలో బాగా వ్యాప్తిలోకి వచ్చింది. దీనినే క్రౌడ్ ఫండింగ్ అంటున్నారు. జనం దగ్గర తలా కొంచెం సొమ్ము పోగుచేయడం అన్నమాట. పుస్తకాలకూ, సినిమాలకూ, యంత్రాలకూ ఈ దారిన డబ్బు పోగుచేస్తున్నారు గాని, అందరి నోళ్ళలోనూ ఎక్కువగా నానింది మాత్రం వీడియో గేములే.

పైన "అమ్మి" అన్నాను. అసలు తగాదా అంతా ఆ మాట దగ్గరే ఉంది. డబ్బు తీసుకున్న కంపెనీ అది అమ్మకం కాదంటుంది. డబ్బిచ్చినవాడు కొన్నాననుకుంటాడు. ఇద్దరిలో ఎవరిది న్యాయం? ఆట రాకపోతే అడిగే హక్కు ఉందా, లేదా? ఈ ప్రశ్నలను నాకు చేతనైనంతలో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం. నేను సైన్సు విద్యార్థిని, న్యాయశాస్త్రం చదివినవాణ్ణి కాను. అయితే పత్తి రైతు ఇంట పుట్టినవాణ్ణి. ముందుగా డబ్బు పెట్టేసి ఫలితం కోసం ఆరు నెలలు ఆకాశం కేసి చూడడం ఎలా ఉంటుందో మా ఇంట్లో అందరికీ తెలుసు.

పద్ధతి ఎలా పనిచేస్తుంది?

ఈ రంగంలో పేరెన్నికగన్న సంస్థ కిక్‌స్టార్టర్. 2009 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూయార్క్‌లో మొదలైంది. అంతకు ఒక ఏడాది ముందే ఇండీగోగో అనే మరో సంస్థ వచ్చింది. ఆట తయారుచేయదలచినవారు తమ ఆలోచన, కొన్ని బొమ్మలు, ఒక చిన్న చలనచిత్రం, కావలసిన మొత్తం, గడువు, ఇవన్నీ ప్రకటిస్తారు. ఇంత ఇస్తే ఆట ఒక ప్రతి, మరికొంత ఇస్తే ఆటతోపాటు సంగీతం, ఇంకా ఇస్తే మీ పేరు ఆటలో వేస్తాం అని మెట్లు మెట్లుగా బహుమతులు చెబుతారు. సొమ్మిచ్చినవారిని కొనుగోలుదారులు అనరు, మద్దతుదారులు అంటారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తరువాత పని పడుతుంది.

కిక్‌స్టార్టర్‌లో ఒక మంచి నియమం ఉంది. గడువు లోపల అడిగిన మొత్తం పూర్తిగా వస్తేనే సొమ్ము నిర్మాతకు చేరుతుంది. ఒక్క డాలరు తక్కువైనా ఎవరి దగ్గరా ఏమీ తీసుకోరు. లక్ష్యం చేరితే సంస్థ నూటికి 5 వంతులు తన రుసుముగా మినహాయించుకుంటుంది, చెల్లింపుల ఖర్చు అదనం. ఆ తరువాత ఆట వచ్చినా రాకపోయినా ఒప్పందం నిర్మాతకూ మద్దతుదారుకూ మధ్యనే. సంస్థ మధ్యలోంచి పక్కకు తప్పుకుంటుంది. తమది దుకాణం కాదని 2012లో ఆ సంస్థే బహిరంగంగా ప్రకటించింది కూడాను.

మంచి పక్క

చెడు చెప్పబోయే ముందు మంచి చెప్పడం ధర్మం. మామూలుగా వీడియో గేము తయారుకావాలంటే పబ్లిషర్ పెట్టుబడి పెట్టాలి. పబ్లిషర్ లాభం వచ్చే బాణీలనే అడుగుతాడు. కొత్త ఆలోచన గలవాడికి, డబ్బు లేనివాడికి అక్కడ తలుపు తెరుచుకోదు. క్రౌడ్ ఫండింగ్ ఆ తలుపును తోసింది.

2012 ఫిబ్రవరిలో టిమ్ షేఫర్ నాయకత్వంలోని డబుల్ ఫైన్ అనే శాన్‌ఫ్రాన్సిస్కో కంపెనీ ఒక సాహస కథా గేము కోసం 4 లక్షల డాలర్లు అడిగింది. ఆ మొత్తం ఒక్క రోజులోనే వచ్చేసింది. గడువు ముగిసేసరికి 87 వేల మందికి పైగా కలిసి 33 లక్షల డాలర్లు ఇచ్చారు. తమాషా ఏమిటంటే, ఎనిమిది రెట్లు సొమ్ము వచ్చినా చాలలేదు! ఆలోచన పెరిగింది, ఖర్చు పెరిగింది. 2013లో షేఫర్ ఆ సంగతి మద్దతుదారులకు చెప్పి, ఆటను రెండు భాగాలు చేసి, మొదటిదాన్ని అమ్మిన డబ్బుతో రెండోది పూర్తిచేస్తామన్నాడు. బ్రోకెన్ ఏజ్ అనే ఆ ఆట మొదటి భాగం 2014 జనవరిలోనూ, రెండవది 2015 ఏప్రిల్‌లోనూ వచ్చాయి. ఆలస్యమైంది, విమర్శలూ వచ్చాయి. అయితే ఆ ఆట తయారీ మొత్తాన్ని డాక్యుమెంటరీగా తీసి మద్దతుదారులకు చూపించారు. తమ సొమ్ము ఏమవుతోందో వారికి తెలుస్తూనే ఉంది.

మరొకటి చిన్నవాళ్ళ కథ. ఆస్ట్రేలియాలో ఎడిలైడ్ నగరానికి చెందిన టీమ్ చెర్రీ అనే చిన్న బృందం 2014లో హాలో నైట్ అనే ఆటకు 35 వేల ఆస్ట్రేలియన్ డాలర్లు అడిగింది. 2 వేల పైచిలుకు మంది 57 వేలు ఇచ్చారు. 2017లో ఆట వచ్చింది. ప్రపంచమంతటా పేరు తెచ్చుకుంది. దాని కొనసాగింపుగా సిల్క్‌సాంగ్ 2025 సెప్టెంబరులో విడుదలైంది. పబ్లిషర్ గడప తొక్కకుండా మామూలు కుర్రవాళ్ళు ఇంత పని చేయగలిగారంటే ఈ పద్ధతిని తీసిపారేయడానికి వీల్లేదు. రేపు మన కళాశాల నుంచే నలుగురు కంప్యూటర్స్ విద్యార్థులు ఒక ఆట తయారుచేద్దామనుకుంటే వాళ్ళకు ఇంతకన్న దారి ఏముంది?

పంట రాని పొలాలు

అన్ని విత్తనాలూ మొలవవు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు వార్టన్ స్కూలు ఆచార్యుడు ఈథన్ మోలిక్ 2015లో 47 వేల మందికి పైగా కిక్‌స్టార్టర్ మద్దతుదారులను ప్రశ్నించి లెక్క తీశారు. సొమ్ము పోగైన ప్రాజెక్టుల్లో నూటికి 9 దాకా ఇస్తామన్న బహుమతి ఇవ్వలేకపోయాయని తేలింది. ఇది అన్ని రకాల ప్రాజెక్టులూ కలిసిన లెక్క. పదింట తొమ్మిది మాట నిలబెట్టుకుంటున్నాయంటే తక్కువ సంగతి కాదు. అయినా ఆ మిగిలిన ఒక్కదాంట్లో ఇరుక్కున్నవాడికి ఈ సగటుతో పనేముంది?

పంట పోవడం కూడా అన్ని చోట్లా ఒకలాగ ఉండదు. మూడు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది క్లాంగ్. నవలాకారుడు నీల్ స్టీఫెన్‌సన్ కత్తియుద్ధం మీద 2012లో తలపెట్టిన ఆట ఇది. 5 లక్షల 26 వేల డాలర్లు వచ్చాయి. ఒక నమూనా తయారైంది, మద్దతుదారులకు అందింది. అది తనకే అంత సరదాగా అనిపించలేదని, పైపెట్టుబడి దొరకలేదని చెప్పి 2014లో ఆయన ప్రాజెక్టు ముగిసినట్టు ప్రకటించాడు.

రెండవది యోగ్‌వెంచర్స్. 2012లోనే 13 వేల మందికి పైగా 5 లక్షల 67 వేల డాలర్లు ఇచ్చారు. 2014లో అది రద్దయింది. నిర్మాత తరువాత చెప్పిన లెక్క ప్రకారం ఒక చిత్రకారుడికి 35 వేల డాలర్లు ముట్టజెప్పగా, ఆయన రెండు వారాలకే మరో కంపెనీలో ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. ఆ సొమ్ము తిరిగి రాబట్టే షరతు ఒప్పందంలో లేదు! ఇది మోసం కంటే అనుభవరాహిత్యం అనిపిస్తుంది. కాని లెక్క బయటపడింది ప్రాజెక్టు మునిగిన తరువాత.

మూడవది ది స్టాంపింగ్ ల్యాండ్. డైనోసార్ల ఆట. 2013లో లక్షా 14 వేల డాలర్లు వచ్చాయి. సగం తయారైన ఆటను 2014లో అమ్మకానికి పెట్టారు. ఆ తరువాత నిర్మాత నుంచి ఉలుకూ పలుకూ లేదు. చివరికి అమ్మకం నుంచి కూడా ఆట మాయమైంది.

ఈ మూడింటిలోనూ మద్దతుదారు చేతికి పూర్తి ఆట రాలేదు. ఫలితం చూస్తే మూడూ ఒకటే. కాని మూడూ ఒకటేనా? మొదటివాడు ప్రయత్నించి విఫలమై చెప్పాడు. రెండవవాడు ఆలస్యంగా చెప్పాడు. మూడవవాడు చెప్పనే లేదు. మన ప్రాక్టికల్ పరీక్షలో రీడింగు సరిగా రాకపోతే అన్ని మార్కులూ పోవు. వచ్చిన రీడింగు వచ్చినట్టు రికార్డులో రాస్తే లెక్చరర్ గారు కొన్ని మార్కులు వేస్తారు. రికార్డే రాయకపోతే? అదీ తేడా.

మా హాస్టల్లోనే ఒక మిత్రుడు రెండేళ్ళ క్రితం ఒక విదేశీ ఆటకు రెండు వేల రూపాయల చిల్లర కట్టాడు. ఆ కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఆ నెల మెస్ బిల్లుకు మరొకరి దగ్గర చేబదులు తీసుకున్నాడు. మొదటి ఆరు నెలలూ వారం వారం కబుర్లు వచ్చాయి, తరువాత నెలకొకటి, తరువాత ఏమీ లేదు. రాసిన ఉత్తరాలకు జవాబు లేదు. వాడు అన్న మాట నాకు బాగా గుర్తుంది: "డబ్బు పోతే పోయిందిరా, ఏమైందో ఒక ముక్క చెప్పొచ్చుగా!"

ఆ సొమ్ముకు పేరేమిటి?

మన ఊళ్ళల్లో ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి డబ్బు వెళితే దానికొక పేరుంటుంది. రాములవారి కల్యాణానికి ఇస్తే చందా. తిరిగి అడగం, కాని పండగయ్యాక జమాఖర్చులు చదివి వినిపించాలి. తిరిగి ఇవ్వవలసింది అప్పు. లాభంలో పాలు ఉంటే వాటా. వస్తువు తరువాత ఇస్తానని ముందుగా పుచ్చుకుంటే బయానా, దాన్నే సంచకారం అని కూడా అంటారు. బయానా పుచ్చుకున్నవాడు సరుకు ఇవ్వలేకపోతే బయానా వాపసు ఇవ్వాలి. ఇది చదువుకోని వాళ్ళకు కూడా తెలిసిన న్యాయం.

మరి క్రౌడ్ ఫండింగ్ సొమ్ము ఏమిటి? అప్పు కాదు. వాటా కాదు, ఎందుకంటే ఆట కోట్లు సంపాదించినా మద్దతుదారుకు పైసా రాదు. పోగా మిగిలినవి చందా, బయానా. ఇక్కడే చమత్కారం ఉంది. డబ్బు అడిగేటప్పుడు ఇంత ఇస్తే ఆట ఇస్తాం, ఫలానా నెలలో ఇస్తాం అని బయానా భాష మాట్లాడతారు. ఆట ఏదీ అని అడిగినప్పుడు, మీరు ఒక కలకు మద్దతు ఇచ్చారు అని చందా భాషలోకి దిగుతారు. గేదెను నీళ్ళల్లో ఉంచి బేరం చేయడం తప్పనుకున్నా సరే, బేరం చేసిన తరువాత అది బేరమే కాదనడం ఇంకా పెద్ద తప్పు. పైగా చందాకే జమాఖర్చులు చదవాలి గదా! దీన్ని చందా అని ఒప్పుకున్నా లెక్క చెప్పే బాధ్యత తప్పదు.

ఈ గొడవలు పెరిగాక కిక్‌స్టార్టర్ 2014లో తన షరతులను మార్చింది. ప్రాజెక్టు పూర్తిచేయలేని నిర్మాత ఏ పని జరిగిందో, సొమ్ము ఎలా ఖర్చయిందో, ఎందుకు ఆగిపోయిందో చెప్పాలి. నిజాయితీగా ఉండాలి. మిగిలిన సొమ్ము ఉంటే బహుమతి అందనివారికి తిరిగి ఇవ్వజూపాలి, లేదా దానితో పనిని మరోవిధంగా ఎలా పూర్తిచేస్తాడో వివరించాలి. ఇలా చేయనివారిపై మద్దతుదారులు చట్టరీత్యా చర్య తీసుకోవచ్చునని అందులో ఉంది. చూడండి, పంట తప్పకుండా పండాలని ఈ షరతు అడగడం లేదు. లెక్క చెప్పాలని అడుగుతోంది. నాకు ఇది న్యాయంగానే తోస్తుంది.

కోర్టులు ఏమన్నాయి?

షరతులు కాగితం మీద ఉంటే చాలదు, అమలు చేసే చెయ్యి కావాలి. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు అటార్నీ జనరల్ 2014లో ఒక కేసు పెట్టారు. అసైలం అనే పేకముక్కల కట్టల కోసం 2012లో 810 మంది దగ్గర 25 వేల డాలర్లకు పైగా పోగుచేసి, చెప్పిన గడువు దాటినా సరుకు ఇవ్వని నిర్మాత మీద ఆ రాష్ట్ర వినియోగదారుల చట్టం కింద వేసిన దావా ఇది. 2015లో కోర్టు ఆ రాష్ట్రంలోని 31 మంది మద్దతుదారులకు సొమ్ము వాపసు, ఒక్కొక్కరి లెక్కన వెయ్యి డాలర్ల జరిమానా, ఖర్చులు, అన్నీ కలిపి 54 వేల 851 డాలర్లు కట్టమంది. వాపసు మొత్తం చూస్తే 668 డాలర్లే! జరిమానా 31 వేలు. సొమ్ము చిన్నదే, తప్పు చిన్నది కాదని కోర్టు భావం అనుకోవాలి.

అదే 2015లో అమెరికా కేంద్ర ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ క్రౌడ్ ఫండింగ్ మీద తన మొదటి చర్య తీసుకుంది. అది ఒక బోర్డు గేము సంగతి. ది డూమ్ దట్ కేమ్ టు అట్లాంటిక్ సిటీ దాని పేరు. 1,246 మంది 1 లక్షా 22 వేల డాలర్లు ఇవ్వగా, నిర్మాత అందులో చాలా భాగాన్ని ఇంటి అద్దెకూ, వేరే ఊరికి కాపురం మార్చడానికీ, సొంత సామానుకూ వాడుకున్నాడని కమిషన్ ఆరోపణ. రాజీ ఒప్పందంలో 1 లక్షా 11 వేల డాలర్ల పైన తీర్పు వచ్చింది గాని, కట్టే శక్తి లేదన్న కారణం మీద దాని వసూలు నిలిపేశారు. మద్దతుదారులకు చివరికి ఆట దక్కింది వేరే కంపెనీ దయవల్ల. ఆ కంపెనీ ఆటను అచ్చువేసి వాళ్ళకు ఉచితంగా పంపింది.

వీడియో గేములకు సూటిగా సంబంధించిన తీర్పు ఇంగ్లండులో వచ్చింది. 1982లో వచ్చిన స్పెక్ట్రమ్ అనే పాత కంప్యూటర్ ఆటలను చేతిలో పట్టుకుని ఆడుకునే వేగా ప్లస్ అనే పరికరం కోసం రెట్రో కంప్యూటర్స్ అనే కంపెనీ 2016లో ఇండీగోగో ద్వారా 5 లక్షల పౌండ్లకు పైగా పోగుచేసింది. గడువు మీద గడువు పోయింది, పరికరం రాలేదు. ఒక మద్దతుదారు కోర్టుకెక్కాడు. 2018 జనవరిలో లూటన్ కౌంటీ కోర్టు, మధ్యనున్న సంస్థ షరతుల్లో ఏమున్నా, ఇది అమ్మకపు ఒప్పందమేనని తేల్చి 85 పౌండ్లు, ఖర్చులు ఇప్పించింది. కింది కోర్టు తీర్పు కాబట్టి మిగతా కోర్టులు దాన్ని పాటించి తీరాలని లేదు. అయినా ఒక మామూలు మనిషి ఎనభై అయిదు పౌండ్ల కోసం నిలబడి, బయానాను బయానా అనే పిలిపించాడు. ఆ కంపెనీ 2019లో మూతపడింది. మూతపడిన కంపెనీ నుంచి మిగతావారికి రాబట్టుకునేది ఏముంటుంది? అందుకే సమయానికి అడగడం ముఖ్యం.

అన్ని కేసులూ ఇలా ముగియలేదు. క్రిస్ రాబర్ట్స్ నాయకత్వంలో స్టార్ సిటిజన్ అనే అంతరిక్ష గేముకు 2012లో సొమ్ము పోగుచేయడం మొదలైంది. 2014లో ఇస్తామన్నారు. 2022 నాటికి మద్దతుదారుల నుంచి వచ్చిన మొత్తం 50 కోట్ల డాలర్లు దాటింది, ఆట అప్పటికీ తయారీలోనే ఉంది. ఆడుకోవడానికి కొంత భాగం ఇచ్చారు, దానిని ఇష్టపడేవారూ లక్షల్లో ఉన్నారు, అది కూడా చెప్పాలి. 2018లో ఒక మద్దతుదారు సుమారు 4,500 డాలర్లు వాపసు ఇప్పించమని స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకు వెళ్ళాడు. తగాదాలు మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలని షరతుల్లో ఒక వాక్యం ఉంది. ఆ ఒక్క వాక్యం అడ్డం పెట్టుకుని కంపెనీ గెలిచింది. మనం చదవకుండా "అంగీకరిస్తున్నాను" అని నొక్కేది ఇలాంటి వాక్యాల మీదనే.

ఏరు దాటాక తెప్ప తగలేయడం

ఆట రావడం ఒక్కటే చాలదు, చెప్పిన విధంగా రావాలి. 2015లో షెన్‌మూ మూడవ భాగం కోసం 69 వేల మందికి పైగా 63 లక్షల డాలర్లు ఇచ్చారు. కంప్యూటర్ మీద ఆడేవారికి స్టీమ్ అనే అంగడి ద్వారా ఆట ఇస్తారని అందరూ అనుకున్నారు, నిర్మాతల మాటలూ అలాగే ఉన్నాయి. 2019 జూన్‌లో హఠాత్తుగా ఆటను ఎపిక్ అనే పోటీ అంగడిలోనే ఇస్తామన్నారు. మద్దతుదారులు మండిపడ్డారు. అంగడి ఏదైతేనేం అని కొందరికి అనిపించవచ్చు. కాని సోనా మసూరి అని బయానా పుచ్చుకుని, ఇదీ బియ్యమేగా అని మరో రకం తోలితే ఊరుకుంటామా? గొడవ ముదిరాక జూలైలో, కావలసినవారికి సొమ్ము వాపసు ఇస్తామని ప్రకటించారు. నలుగురూ కలిసి అడిగితే కోర్టు దాకా పోకుండానే పని జరగవచ్చునని దీనివల్ల తెలుస్తున్నది.

మన రైతులు గెలిచిన కేసు

ఇంతవరకూ పరాయి దేశాల సంగతి. మరి మన చట్టం మాటేమిటి? ఇక్కడ ఒక పాత తీర్పును గుర్తుచేయాలి. అది ఆటలది కాదు, విత్తనాలది. అయినా మన ప్రశ్నకు దగ్గరి చుట్టమే.

ఆంధ్రప్రదేశ్ రైతులు కొందరు నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ దగ్గర విత్తనాలు కొని వేశారు. సరిగా మొలవలేదు, పంట నష్టపోయారు. వినియోగదారుల ఫోరానికి వెళ్ళారు. వీరు వినియోగదారులే కారని, వ్యాపార ప్రయోజనం కోసం ఒప్పందం చేసుకున్నవారని, ఒప్పందంలో మధ్యవర్తిత్వ షరతు ఉంది గనుక ఫోరానికి రాకూడదని కార్పొరేషన్ వాదించింది. విత్తనాల నమూనాను పరీక్షకు పంపలేదని కూడా అన్నది. కేసు సుప్రీం కోర్టు దాకా పోయింది. 2012 జనవరి 16న కోర్టు రైతులు వినియోగదారులేనని, మధ్యవర్తిత్వ షరతు ఫోరం తలుపు మూయలేదని తీర్పు చెప్పింది. కొన్న విత్తనం అంతా చేలో చల్లేసే రైతు పరీక్ష కోసం నమూనా దాచి ఉంచాలని ఆశించడం తగదని కూడా అన్నది. అమెరికాలో 2018లో మద్దతుదారును ఓడించిన వాక్యం వంటిదే మన రైతులను 2012లో ఓడించలేకపోయింది. చదువుకునే రోజుల్లో మనం తెలుసుకోవలసిన తీర్పు ఇది.

ఆనాటి 1986 చట్టం స్థానంలో వినియోగదారుల రక్షణ చట్టం, 2019 వచ్చి 2020 జూలై నుంచి అమలులో ఉంది. దీని ప్రకారం డబ్బు చెల్లించి, లేక చెల్లిస్తానని మాట ఇచ్చి వస్తువునుగాని సేవనుగాని సొంతానికి తీసుకునేవాడు వినియోగదారుడు. ఎలక్ట్రానిక్ వాణిజ్యం నిర్వచనంలో డిజిటల్ ఉత్పత్తులను కూడా చేర్చారు. 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు మనదేశంలో స్థాపించకపోయినా ఇక్కడి వినియోగదారులకు క్రమంగా సరుకు, సేవ అందించే సంస్థలకు కూడా వర్తిస్తాయి. ఫిర్యాదుదారు తాను నివసించే చోటనే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు అయితే రుసుము లేదు. గడువు రెండేళ్ళు. ఈ మాటలు చూస్తే ఆట ఇస్తామని చెప్పి డబ్బు తీసుకున్నప్పుడు ఆ డబ్బిచ్చినవాడు వినియోగదారుడే అని వాదించడానికి గట్టి ఆధారం ఉందని నా అభిప్రాయం.

అయితే ఉన్నమాట చెప్పుకోవాలి. ఇక్కడ తీర్పు సంపాదించినా, మనదేశంలో కార్యాలయమూ ఆస్తీ లేని కంపెనీ నుంచి వసూలు చేయడం కష్టం. కాబట్టి హక్కు ఎంత ముఖ్యమో జాగ్రత్తా అంతే ముఖ్యం.

బాధ్యత ఎలా ఉండాలి?

"ఇంత కట్టుదిట్టం చేస్తే చిన్నవాళ్ళు ఆటలు తయారుచేయడానికి ముందుకే రారు గదా?" అని మా తరగతిలో ఒక మిత్రుడు వాదించాడు. కాదనలేని మాట. ప్రతి వైఫల్యానికీ పూర్తి సొమ్ము కక్కించేటట్లయితే డబ్బున్న కంపెనీలే మిగులుతాయి, హాలో నైట్ వంటివి పుట్టవు. కౌలుకు చేసే రైతుకు అన్ని ఏళ్ళూ ఒకే మక్తా అంటే ఎలా బతుకుతాడు? అందుచేత నేను అడిగేది పంట మీద హామీ కాదు. ఈ నాలుగే:

1. సొమ్ము అడిగేటప్పుడే అది దేనికి ఎంత ఖర్చవుతుందో అంచనా పట్టిక ఇవ్వాలి.

2. ఆ సొమ్ము వేరే ఖాతాలో ఉంచి, పని ఒక్కొక్క దశ పూర్తయినకొద్దీ విడుదల చేయాలి. ఇల్లు కట్టే మేస్త్రీకి పునాదికి కొంత, గోడలకు కొంత ఇస్తాం గాని, మొత్తం ముందే చేతిలో పెట్టం.

3. పని నడిచినా ఆగినా మూడు నెలలకొకసారి జమాఖర్చు చూపాలి. మౌనాన్నే ఒప్పంద భంగంగా పరిగణించాలి.

4. తన రుసుము తాను పుచ్చుకున్న మధ్యవర్తి సంస్థ కూడా నిర్మాత ఎవరో, ఎక్కడివాడో విచారించి చెప్పే పూచీ వహించాలి. నూటికి 5 పుచ్చుకునేటప్పుడు ఉన్న సంబంధం తగాదా వచ్చేసరికి తెగిపోకూడదు.

వీటిలో ఏదీ నిజాయితీపరుడికి భారం కాదు. డబుల్ ఫైన్ ఇంతకన్నా ఎక్కువే చూపించింది.

మిత్రులకు కొన్ని సూచనలు

ఈసారి ఏ ఆటకైనా డబ్బు పంపబోయే ముందు నిర్మాత ఇంతకు ముందు ఒక్క ఆటయినా పూర్తిచేశాడా అని చూడండి. బొమ్మలే ఉన్నాయా, ఆడదగిన నమూనా ఉందా గమనించండి. పోతే ఇబ్బంది పడనంత సొమ్మే పంపండి, మెస్ బిల్లు డబ్బు పంపకండి. ఇస్తామన్నది, ఇస్తామన్న తేదీ, చెల్లించిన రసీదు, అన్నింటికీ నకళ్ళు దాచండి. మా ఇంట్లో విత్తనాల బిల్లునూ ఖాళీ సంచినీ పత్తి ఇంటికి చేరేదాకా పారేయరు. సంచి మీది లాట్ నెంబరు లేనిదే ఎవడూ మాట వినడు అంటాడు మా నాన్న. గడువు దాటితే వెంటనే రాతమూలకంగా అడగండి. కార్డు ద్వారా చెల్లించి ఉంటే బ్యాంకులో అభ్యంతరం తెలపడానికి కూడా గడువుంటుంది, అది దాటనివ్వకండి. ఒక్కరు కాక నలుగురు కలిసి అడగండి. సలహా కోసం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

మన విద్యార్థి సంఘం కూడా ఒక పని చేయవచ్చు. ఎవరు ఏ ఆటకు, ఏ పరికరానికి ముందుగా డబ్బు కట్టారో రాసుకునే ఒక పుస్తకం పెట్టి, ఎవరికైనా సరుకు రాకపోతే ఫిర్యాదు రాయడంలో లా కళాశాల మిత్రుల సాయం తీసుకోవచ్చు. ఖర్చు లేని పని.

చివరగా ఒక్క మాట. ఈ పుస్తకం చదివేవారిలో రేపు ఆటలు కొనేవారే కాదు, తయారుచేసేవారు కూడా ఉంటారు. వాళ్ళకు నా విన్నపం ఇది. జనం దగ్గర సొమ్ము అడగడానికి సిగ్గుపడకండి. మీ ఆట రాకపోవచ్చు, అది తప్పు కాదు. కాని ఆ రోజున మాయం కాకండి. ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎందుకు పోయింది, మూడు ముక్కలు రాసి పంపండి. మా హాస్టల్ మిత్రుడు అడిగింది అంతకు మించి ఏమీ లేదు.